నీళ్లలో కలపని పటం

మా బడి మూతపడింది పాఠం సరిగ్గా చెప్పనందుకు కాదు, బాగా చెప్పినందుకు. పోయిన నెల జగిత్యాలలో కొత్త టీచర్ల శిక్షణలో ఈ మాట అంటే వెనక వరుసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. రిటైరైన ముసలావిడ చమత్కారం ఆడుతోంది అనుకున్నారేమో. నాకు చమత్కారాలు రావు. పిల్లలు నవ్వేలా పాఠం చెప్పడం కూడా కొలువు చివర్లో నేర్చుకున్నాను, అదీ ఒకరు నేర్పితే.

కళలతో చదువు చెప్పడం మీద అనుభవం పంచుకోండి, విజయగాథ అయితే మంచిది అని నన్ను పిలిచారు. నా దగ్గర ఉన్నది ఒక్కటే గాథ. అక్కడ ఇచ్చిన పావుగంటలో సగం మైకు సర్దడానికే పోయింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మీరు ఇప్పుడిప్పుడే కొలువులో చేరినవాళ్లు, మీకు పనికొస్తుంది. పనికిరాకపోయినా విని పెట్టండి.

రాయికల్ దాటాక ఒక చిన్న ఊరు. బడికి రెండు గదులు, ఒక వరండా, వెనక వంటకు రేకుల షెడ్డు. ఇద్దరమే టీచర్లం. నేను జగిత్యాల నుంచి బస్సులో వచ్చేదాన్ని, ఆమె కోరుట్ల నుంచి. రాయికల్ బస్టాండులో కలుసుకొని ఒకే ఆటో ఎక్కేవాళ్లం. ఆమె నాకంటే చాలా చిన్నది. పుట్టిల్లు సిరిసిల్ల, నేతపని చేసే కుటుంబం. అత్తగారిల్లు కోరుట్ల. నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. పేర్లు రాయకూడదని ముందే అనుకున్నాను కాబట్టి ఇక్కడా ఆమె చెల్లెనే.

ఆ ఊళ్లో సగం ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు. మిగతా వాళ్లలో కొందరిది వ్యవసాయం, కొందరిది కల్లుగీత. ఆడవాళ్లు ఏ ఇంటి అరుగు మీద చూసినా చేట ముందు పెట్టుకొని బీడీలు చుడుతూ కనిపిస్తారు. పొద్దున మా పిల్లలు ప్రార్థనకు నిలబడే వేళకే కోరుట్ల ప్రైవేటు బడి వ్యాను వచ్చి మా గేటు ముందే హారన్ కొట్టేది. పసుపు వ్యాను, కిటికీలకు జాలీ, టై కట్టుకున్న పిల్లలు. మా పిల్లలు ప్రార్థన మధ్యలో అటే చూసేవాళ్లు. ప్రతి జూన్‌లోనూ మా వరుసలో నిలబడ్డవాళ్లు కొందరు ఆ కిటికీలోకి మారిపోయేవాళ్లు. మండల మీటింగులో ఆఫీసరు మమ్మల్ని నిలబెట్టి, ఇంకొంచెం తగ్గితే సర్దుబాటు తప్పదని చెప్పాడు. సర్దుబాటు అంటే మీకూ తెలిసే ఉంటుంది. టీచర్లను వేరే బడులకు పంపించి ఈ బడికి తాళం వేయడం.

తాళం పడితే వ్యాను ఎక్కగలిగినవాళ్లకు వచ్చే నష్టం లేదు. ఎక్కలేనివాళ్ల సంగతే నాకు దిగులు. నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తండ్రి గీత కార్మికుడు. తాటిచెట్టు మీది నుంచి పడి నడుము పోయింది, గోడ పట్టుకొని నడిచేవాడు. ఇల్లు తల్లి బీడీల మీదే నడిచేది. ఈ పిల్ల చేతికి ఏది దొరికితే దాని మీద బొమ్మలు వేసేది. సుద్దముక్కతో వరండా నిండా వేసేది. ఇంటి దగ్గర బీడీలు చుట్టే తునికాకు మీద గోటితో గీకి, ఆకు ఖరాబు చేసిందని తల్లి చేత తిట్లు తినేది. లెక్కలు మాత్రం దానికి ఎక్కేవి కావు. లెక్కలు నావి.

నా పాఠం ఎట్లా ఉండేదో చెప్తాను. బెత్తం పట్టడం ఎప్పుడో మానేశాను గాని గొంతులో బెత్తం ఉండేది. ఎక్కాలు అప్పజెప్పించుకోవడం, పుస్తకం చదివించడం, చుక్కల్లో సమాధానాలు నింపించడం. అది చెడ్డ పాఠమని నాకెవరూ చెప్పలేదు, నేనూ అనుకోలేదు. అట్లాంటి రోజుల్లో మా ఇద్దరినీ జగిత్యాలలో శిక్షణకు వేశారు. పాటలు, బొమ్మలు, నాటకాలతో పాఠాలు చెప్పడం ఎట్లా అని. శిక్షకుడు మా అబ్బాయి వయసువాడు. మొదటి రోజే మా అందరినీ లేపి, "మీరిప్పుడు మబ్బులు. తేలుకుంట రాండ్రి" అన్నాడు. మోకాళ్ల నొప్పులున్న మబ్బులు ఎంత తేలుతాయో మీరే ఊహించుకోండి. నేను కిటికీ దగ్గర నిలబడి వర్షం పడేదాకా ఆగిన మబ్బునయ్యాను. చెల్లె మాత్రం హాలంతా తిరిగింది. నవ్వింది, పాడింది, కాగితాలతో ముసుగులు చేసింది. ఆమెలో అంత పాట ఉందని అన్నాళ్లు ఒకే ఆటోలో తిరిగినా నాకు తెలియలేదు.

ఆఖరి రోజు ఆ అబ్బాయి ఒక మాట చెప్పాడు. "పిల్లలు చేస్తుంటే టీచరు కనపడద్దు. పిల్లలే కనపడాలె. గిదొక్కటి యాదుంచుకుంటే సాలు." నేను నోట్ చేసుకున్నాను. మాకు ఆ మాట తప్పకుండా గుర్తుంది. గుర్తుండటమే తర్వాత మా పాలిట శాపమైంది.

తిరిగొచ్చాక మేం చేసిన తొలి ప్రయోగాలు చెప్పాలంటే సిగ్గేస్తుంది. మట్టితో బొమ్మలు చేయిద్దామని చేనులోంచి నల్లరేగడి తెప్పించాను. అది బొమ్మకు నిలబడలేదు గాని యూనిఫారాలకు బాగా నిలబడింది. మర్నాడు తల్లులు గేటు దగ్గర వరుసకట్టారు. నీటి పాఠాన్ని పాటగా కట్టి నేనే పాడాను. రెండో చరణంలో వంటామె గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి, "ఏమైంది మేడం, ఎవలకన్న దెబ్బ తాకిందా?" అని అడిగింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. నేను ఆ రోజంతా ముఖం ముడుచుకొని ఉన్నాను. సాయంత్రం ఆటోలో చెల్లె నన్ను ఓదార్చాల్సింది పోయి అదే పాట నా గొంతుతో పాడి చూపించింది. చివరికి నాకూ నవ్వొచ్చింది.

ఆ నవ్వులోనే ఆమె మాట మార్చింది. "అక్కా, మా సిరిసిల్లల నా చిన్నప్పుడు పటం కథోళ్లు వస్తుండె. ఇంత పొడుగు బట్ట, మీదికెల్లి కింది దాక అన్ని బొమ్మలే. ఒక్కొక్క బొమ్మ మీద కట్టె వెట్టి కథ చెప్తుండె. మా కులం పుట్టుక కథంత నాకు గట్లనే తెల్సింది. బళ్లె ఎవ్వలు చెప్పలే."

"అయితే ఏందంటవ్?"

"మన పిల్లలతోని ఈ ఊరి పటం గీయిద్దాం. గీసినోళ్లే కథ చెప్తరు. నీ లెక్కలు, నా తెలుగు, పరిసరాలు, అన్ని దాంట్లనే వస్తయి."

నాకు నమ్మకం కుదరలేదు. అయినా సరే అన్నాను. మరుసటి సోమవారం చెల్లె సిరిసిల్లలో వాళ్లన్న మరమగ్గాల షెడ్డు నుంచి తెల్లబట్ట తాను పట్టుకొచ్చింది. అది పాలిస్టర్. రంగు పెడితే జారి కిందికి కారింది. అటు రాసిన చెరువు ఇటు గుట్టెక్కింది. చెల్లె తల పట్టుకొని, "మగ్గాలింట్ల పుట్టి నాకు గీ బట్ట తేడా తెల్వకపాయె" అని నవ్వింది. మళ్లీ పోయి నూలుబట్ట తెచ్చింది. దానికి గంజి పెట్టి, చింతగింజలు ఉడికించిన జిగురు పూయాలి. ఆ జిగురు మధ్యాహ్న భోజనం గిన్నెలో ఉడికించాం. వంటామె మాతో చాలా రోజులు ముక్తసరిగా మాట్లాడింది.

బట్టను గళ్లుగా పంచడం నా వంతు. పిల్లలందరికీ సమానంగా రావాలి. నేను చెప్పకముందే వాళ్లు మూరలతో కొలవడం మొదలుపెట్టారు. ఒకరి మూర పొడుగు, ఒకరిది పొట్టి. నీ గడి పెద్దది, నా గడి చిన్నదని కొట్లాట. కొట్లాటలోంచి ఎవరో, "మేడం, అందరికి ఒక్కతీరు మూర గావాలె" అన్నారు. మీటరు పాఠం నేను ఎన్నేళ్లుగానో చెప్తున్నాను. అది ఎందుకు పుట్టిందో పిల్లల నోటి నుంచి వినడం అదే మొదటిసారి. తర్వాత బట్టను మడిచి సగం, సగంలో సగం చేస్తుంటే, భిన్నాలంటే ఏడ్చే నాలుగో తరగతి పిల్ల మడతల మీద వేలు పెట్టి, "గిది సగం, గిది పావు గదా మేడం" అంది. నేను నేర్పలేదు, పక్కన నిలబడి చూశాను. నా కొలువు మొత్తంలో అంత సంతోషంగా ఎన్నడూ లేను. పొద్దున జగిత్యాలలో బస్సు ఎక్కుతుంటే పెళ్లికి పోతున్నట్టు ఉండేది.

చలికాలం మొత్తం ఆ పటం మీదే గడిచింది. కాలువ, వరిపొలాలు, పసుపు తవ్వడం, సంత, బీడీల గంప, జనం ఎక్కిదిగే బస్సు, అన్నీ వచ్చాయి. ఊళ్లో పెద్దవాళ్లను అడిగి రావడం, అడిగింది రాయడం, రాసింది చదవడం, బొమ్మ దగ్గర నిలబడి చెప్పడం. తెలుగు వాచకం ముట్టుకోకుండానే చదవడం వచ్చేసినవాళ్లున్నారు.

ఒక మనిషికీ కళ్లు పెట్టనివ్వలేదు చెల్లె. అన్నీ గుడ్డి ముఖాలే. నాలుగో తరగతి పిల్ల కుంచె పట్టుకొని అడిగింది, "కండ్లెప్పుడు వెడుదం మేడం?"

"కండ్లు ఆఖరుకు వెట్టాలె బిడ్డా. కండ్లు వెడితే పటానికి పానం వచ్చినట్టే. ఇగ దాన్ని ఏడ వడితే ఆడ పారెయ్యద్దు."

"మరి పాతగైతే?"

"పటం కథోళ్లు కొత్త పటం గీయించుకుంటరు. గది ఇంటికచ్చినంక పాతదానికి పూజ చేసి గోదారిల కలుపుతరు. కొత్తది రాంది పాతదాన్ని కలుపద్దు."

ఆ పిల్ల తల ఊపి రంగు గిన్నె దగ్గరికి పోయింది. నేను వరండాలో కూర్చొని విన్నాను. అప్పుడది ఆచారం గురించిన మాట, అంతే.

మార్చి దగ్గరపడుతుంటే మాకో ఆలోచన వచ్చింది. ఊరందరినీ పిలిచి పటం చూపిద్దాం. మన బడిలో పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో కళ్లారా చూస్తే జూన్‌లో వ్యాను ఎవరూ ఎక్కించరు. శుక్రవారం పెట్టుకున్నాం. ఎందుకంటే ఈ ఊరి మగవాళ్లలో చాలామందికి గల్ఫ్‌లో శుక్రవారమే సెలవు. తల్లులు ఫోన్లు పట్టుకొస్తే తండ్రులు కూడా చూస్తారు. ఈ ఉపాయం నాదే. చాలా గర్వపడ్డాను.

ఆ పొద్దున పిల్లలు ఎవరి బొమ్మకు వాళ్లు కళ్లు పెట్టారు. ఊపిరి బిగబట్టి, నాలుక కొసలు బయటపెట్టి, ఒక్కొక్క చుక్క. బడిలో అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు.

మధ్యాహ్నం ఊరు కదిలి వచ్చింది. బీడీలు పక్కన పెట్టి ఆడవాళ్లు వచ్చారు. ముసలివాళ్లు వచ్చారు. వరండాకు అడ్డంగా పటం కట్టాం. దాని ముందు చేతులెత్తి పట్టుకున్న ఫోన్లు, ఫోన్లలో మగవాళ్లు. ఒకడు మంచం మీద బనీనుతో, ఒకడు గదిలో వంట చేస్తూ, ఒక ఫోనులో ఒకే గదివాళ్లు నలుగురైదుగురు తలలు దూర్చి. శిక్షకుడు చెప్పినట్టే చేశాం. మేం కనపడకూడదు. పిల్లల్ని ముందు పెట్టి మేమిద్దరం జనం వెనక వంట షెడ్డు చాటున కూర్చున్నాం. ఒక్క మాట అందించలేదు, ఒక్కసారి లేచి నిలబడలేదు.

మూడో తరగతి పిల్లవాడు శంషాబాద్ విమానం గీశాడు. వాణ్ని నాయనమ్మ సాకుతోంది. కట్టెతో విమానం చూపించి, "గిది ఎక్కేటప్పుడు మా బాపు ఎనుకకు తిరిగి చూడలే. చూస్తే దిగుతననిపిస్తదట" అన్నాడు.  నాయనమ్మ పట్టుకున్న ఫోనులో తండ్రి ముఖం కనిపించకుండా పోయి, కాసేపు గది పైకప్పు మాత్రమే కనిపించింది.

నాలుగో తరగతి పిల్ల గడిలో పొడుగాటి తాటిచెట్టు ఒక్కటే ఉంది. పైన నడుముకు మోకుతాడు వేసుకొని మనిషి. తండ్రి గోడకు ఆనుకొని కింద కూర్చొని చూస్తున్నాడు.

"గీయన మా బాపు. గీ పటంల ఇంక దిగలే. దిగుతుంటెనే పడ్డడు గని, నేను దిగెటట్టు గియ్యలే. మీదికెల్లి జూస్తే మన ఊరంత కనవడ్తదట. బడి గూడ కనవడ్తదట."

 అందరూ చప్పట్లు కొట్టారు. చెల్లె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను ఏడ్చాను, ఆమె ఏడ్వలేదు. తిరిగిపోయేటప్పుడు నాయనమ్మ నా దగ్గరికి వచ్చి, "మా పోరగానికి గింత తెలివున్నదని నాకు తెల్వనే తెల్వది మేడం" అని రెండు చేతులూ పట్టుకుంది. రాయికల్ బస్టాండులో మేమిద్దరం మిర్చి బజ్జీలు తిన్నాం. గెలిచాం అనుకున్నాం. బడి నిలబడింది అక్కా, అంది చెల్లె.

జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు నాయనమ్మ స్వీట్ల డబ్బాతో వచ్చింది. నాకు సంతోషమైంది. డబ్బా నా బల్ల మీద పెట్టి ఫోను చేతికిచ్చింది. అవతల కొడుకు.

"మేడం, నమస్తే. మీ రుణం తీర్సుకోలేను. గా రోజు మా పోరని జూసి నాకు నిద్ర పట్టలే. గింత తెలివున్నోణ్ణి ఊరి బళ్లె వెట్టి ఖరాబు చెయ్యద్దని మా రూముల అందరన్నరు. కోరుట్లల చేర్పిస్తున్న. ఇంకొక్క ఏడాది ఎక్కువ కష్టపడత, ఏమైతది. జర టీసీ ఇయ్యుండ్రి మేడం."

  మీవాడి తెలివి ఇక్కడిదే అని తండ్రికి ఎట్లా చెప్తాం? వాడు పుట్టుకతోనే తెలివైనవాడని ఆయన సంతోషపడుతున్నాడు. మేం షెడ్డు వెనక కూర్చున్నాం కదా. ఆయనకు బడి కనపడలేదు, కొడుకు కనపడ్డాడు.

ఆ వారమంతా స్వీట్లే. ఒక్కరూ మమ్మల్ని తిట్టలేదు. ఒక్కరూ బడి బాగాలేదనలేదు. దండం పెట్టి, మీరే మా కండ్లు తెరిపిచ్చిండ్రు అని చెప్పి, టీసీలు పట్టుకుపోయారు. చెల్లె ఇల్లిల్లూ తిరిగింది. ఒకామె తాగడానికి నీళ్లిచ్చి, "మీ పిల్లలు ఏడ సదువుతున్నరు మేడం?" అని అడిగింది. నిజంగా తెలుసుకుందామనే అడిగింది, ఎత్తిపొడుపు కాదు. చెల్లె పిల్లలు కోరుట్లలో అదే ప్రైవేటు బడిలో ఉన్నారు. చెల్లె ఆ నీళ్లు తాగి తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఇంకో ఇంటికి పోలేదు. నా పిల్లలు మాత్రం ఎక్కడ చదివారు? ఆమెను అనడానికి నాకు నోరెక్కడిది.

మిగిలింది గుప్పెడు మంది. నాలుగు నుంచి ఐదుకు వచ్చిన ఆ పిల్ల, గీత కార్మికుల పిల్లలు ఇంకొందరు. గురుకులం పరీక్ష ఆ పిల్ల చేత అంతకుముందే రాయించాం, సీటు రాలేదు. ఆ పరీక్షలో బొమ్మ గీయమని అడగరు. వర్షాలు మొదలయ్యేసరికి సర్దుబాటు కాగితం వచ్చింది. చెల్లెను బీర్పూర్ వైపు వేశారు. కోరుట్ల నుంచి రెండు బస్సులు మారాలి. నన్ను రాయికల్ పెద్ద బడికి వేశారు. పిల్లలు కాలువ అవతల ఊరి బడికి పోవాలన్నారు.

ఆఖరి రోజు బెంచీలు లెక్కచూసి అప్పజెప్పాం. పటం మాత్రం ఏ లెక్కలోనూ లేదు. చెల్లె దాన్ని చుట్ట చుట్టి, పాత చీరముక్కతో కట్టి నా చేతిలో పెట్టింది. "నీ దగ్గరుంచు అక్కా. నాకు సూస్తే పనికి పోబుద్ధి కాదు." రాయికల్ బస్టాండులో ఆమె బస్సు ముందు వచ్చింది. ఎప్పుడూ కిటికీ దగ్గర కూర్చొని చెయ్యి ఊపేది. ఆ రోజు అవతలి పక్క కూర్చుంది.

ఇప్పటికీ ఫోనులో మాట్లాడుకుంటాం. కొత్త బడిలో పాటలు పాడుతున్నావా అని అడిగితే, "సిలబస్ అయితలేదక్కా" అంటుంది. నాకు ఈ మొత్తంలో ఎక్కువ బాధ కలిగించేది ఈ మాటే అని ఒకప్పుడు అనుకునేదాన్ని.

కొత్త టీచర్లూ, మీకు చెప్పాలనుకున్నది ఇది. పాట పాడండి, బొమ్మ గీయించండి. ఇవి వద్దని ఎవరు చెప్పినా వినకండి, మా అనుభవం చూపించి భయపెట్టినా వినకండి. అయితే ఊరిని పిలిచిన రోజు షెడ్డు వెనక కూర్చోకండి. చెడిపోయిన పాలిస్టర్ బట్ట కూడా పక్కనే వేలాడదీయండి. కొట్లాడిన మూరలు చూపించండి. ఈ పిల్లకు నిరుడు పావు అంటే తెలియదు, ఇట్లా మడిస్తే తెలిసింది అని గట్టిగా చెప్పండి. మీరు కనపడండి. చెప్పుకోకపోవడం పెద్దమనిషితనమని నేనూ అనుకున్నాను. అట్లా అనుకోవడానికి నాకు జీతం ఉంది, పింఛను ఉంది. ఆ పిల్లకు ఏముంది?

శిక్షణ అయిపోయాక వెనక వరుసలో నవ్విన అమ్మాయే నా దగ్గరికి వచ్చింది. నేను వెంట తీసుకెళ్లిన పటం విప్పి చూసి, తాటిచెట్టు దగ్గర ఆగి, "ఈ పాప ఇప్పుడు ఏం చదువుతోంది మేడం?" అని అడిగింది. ఆలస్యమైందని చెప్పి పటం చుట్టుకొని వచ్చేశాను. ఆ అమ్మాయి ఇది చదువుతుందనే నమ్మకంతో జవాబు రాస్తున్నాను.

బడి మూసిన కొన్ని వారాలకు, కాలువ అవతల బడిలో ఆ పిల్ల చేరలేదని తెలిసి వాళ్లింటికి పోయాను. తండ్రి అరుగు మీద గోడకు ఆనుకొని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, లేవలేక నమస్కారం పెట్టాడు. తల్లి, పిల్ల ఎదురెదురుగా కూర్చున్నారు. తల్లి బీడీలు చుడుతోంది. పిల్ల తడిపిన తునికాకు కత్తిరిస్తోంది.

"గా కాలువ గట్టు పొంటి ఒక్కదాన్ని ఎట్ల తోలుదు మేడం?" అంది తల్లి. "మీ అసొంటి మంచి సార్లున్న బడే నిలువకపాయె. గా బడి ఎన్నొద్దులుంటది? ఇంటికాడుంటె నాకు ఆసరన్న అయితది."

ఆఫీసులో చెప్తానన్నాను. ఆటో పెట్టిస్తానన్నాను. తర్వాత రెండూ అడిగాను, రెండూ కాలేదు. ఆ రోజే నా మాటలు ఉత్తవని నాకు తెలుస్తూనే ఉంది. తల్లి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. నేను పిల్ల పక్కన చాప మీద కూర్చున్నాను. దాని చేతిలో కత్తెర తప్పు లేకుండా తిరుగుతోంది. ఒక్కొక్క ఆకు ఒక్కతీరుగా, సమానంగా.

"పటం నీళ్లల్ల కలిపిండ్రా మేడం?" అని అడిగింది.

"లేదు బిడ్డా. నా దగ్గరే ఉన్నది. కొత్తది రాంగనే కలుపాలె గదా."

అది కత్తెర ఆపి నా వైపు చూసింది.

"బళ్లె పిల్లలు లేరు గద మేడం. కొత్తది ఎవలు గీస్తరు?"

 అది మళ్లీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.